గాలిమర కంటే ముందు స్తంభం కొనండి

కరెంటు లైను చేరని తోట ఇంట్లో చిన్న గాలిమర పెట్టుకుందామనుకునేవారు నన్నడిగితే, నేను చెప్పేవన్నీ తలకిందుల సలహాల్లాగే వినిపిస్తాయి. యంత్రం కంటే స్తంభానికి ఎక్కువ ఖర్చు పెట్టమంటాను. గాలిమర కావాలంటే ముందు సోలార్ పలకలు కొనమంటాను. డబ్బు చేతిలో ఉన్నా ఏడాదిపాటు ఆగమంటాను. డాబా ఎంత ఎత్తున్నా దానిమీద పెట్టొద్దంటాను. కరెంటు తయారీ సంగతి తర్వాత, ముందు వాడకం తగ్గించుకోమంటాను. వినేవారికి విసుగొస్తుంది. కొందరు మొహమాటానికి తలూపి వెళ్లిపోయి, అమ్మేవాళ్లు చెప్పినట్టే చేస్తారు. కొన్నాళ్లకు అటువైపు వెళ్తే డాబా మీద తుప్పు పట్టిన బోల్టులతో ఆ గాలిమర కదలకుండా నిలబడి ఉంటుంది. చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ ఇంటి డబ్బుతో పాటు చుట్టుపక్కల ఊళ్లలో గాలి కరెంటు మీదున్న నమ్మకమూ పోతుంది.

ఈ సలహాలన్నిటికీ మూలం ఒకటే. గాలి వేగం రెట్టింపైతే అందులో ఉన్న శక్తి ఎనిమిది రెట్లవుతుంది. వేగాన్ని దానితోనే మూడుసార్లు వేసి గుణించుకోవాలి. సెకనుకు 3 మీటర్ల గాలికి 27 వస్తే, 4 మీటర్ల గాలికి 64, 6 మీటర్ల గాలికి 216. గాలి కొంచెం తగ్గితే కరెంటు బాగా పడిపోతుంది, కొంచెం పెరిగితే బాగా పెరుగుతుంది. అందుకే ఏ కంపెనీ యంత్రం కొన్నారన్న దానికన్నా ఎక్కడ పెట్టారు, ఎంత ఎత్తులో పెట్టారన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. ఈ లెక్క మనసులో పెట్టుకుని చదివితే, మిగతావన్నీ ఎందుకు చెప్తున్నానో మీకే అర్థమవుతుంది.

వాట్లు అడగొద్దు, టేపు పట్టుకెళ్లండి

దుకాణంలో మొదట అడిగే ప్రశ్న "ఇది ఎన్ని వాట్లది?" అని. ఆ ప్రశ్న మానెయ్యండి. జేబులో కొలత టేపు పెట్టుకెళ్లి, రెక్కలు తిరిగేటప్పుడు ఏర్పడే చక్రం వ్యాసం ఎంతో కొలవండి. గాలిని పట్టేది ఆ చక్రమే. వ్యాసం రెట్టింపైతే పట్టే గాలి నాలుగు రెట్లు.

రెండు మీటర్ల వ్యాసమున్న యంత్రం తీసుకుందాం. దాని చక్రం వైశాల్యం మూడు చదరపు మీటర్ల పైచిలుకు. గాలిలోని శక్తినంతా ఏ రెక్కలూ లాగలేవు. 59.3 శాతం దాటడం ప్రకృతిలోనే కుదరదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ వందేళ్ల కిందటే లెక్కగట్టి చూపాడు. చిన్న యంత్రాల్లో, తీగల్లో, రెక్టిఫయర్లో పోయేదంతా పోగా చేతికొచ్చేది దాదాపు పావు వంతు. ఆ లెక్కన సెకనుకు 4 మీటర్ల గాలికి, అంటే ఆకులూ సన్నటి కొమ్మలూ ఆగకుండా కదిలే గాలికి, ఈ యంత్రం ఇచ్చేది 30 వాట్లలోపే. 6 మీటర్లకు వంద వాట్లు. 8 మీటర్లకు 230. 12 మీటర్లకు, అంటే గంటకు 43 కిలోమీటర్ల గాలికి, ఎనిమిది వందల దాకా. పెట్టెమీద "1000 వాట్లు" అని అచ్చు వేసేది ఈ చివరి గాలిని చూసి, పైన ఇంకాస్త ఉదారంగా. గొడుగు పట్టుకోవడానికి కష్టమయ్యే గాలి అది. ఏడాదిలో ఎన్ని గంటలు వీస్తుందో మీరే ఆలోచించుకోండి.

అంటే ఒకే వ్యాసమున్న రెండు యంత్రాల్లో ఒకదానిమీద 500, రెండోదానిమీద 1000 అని ఉంటే, రెండోది రెట్టింపు ఇస్తుందనుకోవద్దు. ఎక్కువ గాలికి లెక్కగట్టి పెద్ద అంకె వేశారనుకోవాలి. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థకు తమిళనాడు కాయత్తారులో పరీక్షా కేంద్రం ఉంది. అలాంటి చోట పరీక్షించిన నివేదిక ఉందా, 4 మీటర్ల గాలికి ఎంతిచ్చింది, 5 మీటర్లకు ఎంతిచ్చింది అని అడగండి. జవాబు దాటవేస్తే లేచి వచ్చేయండి.

నాకు పనికొచ్చే లెక్క ఇది: ఏడాది సగటు గాలి సెకనుకు 4.5 మీటర్లున్న చోట, చక్రం వైశాల్యంలో ప్రతి చదరపు మీటరుకూ రోజుకు సుమారు 0.6 యూనిట్ వస్తుంది. రెండు మీటర్ల యంత్రానికి రెండు యూనిట్లకు కాస్త తక్కువ, మూడు మీటర్ల యంత్రానికి నాలుగు. సగటు గాలి 3.5 మీటర్లకు దిగితే ఇవి సగానికి పడిపోతాయి. ఒక్క మీటరు తేడాకే.

ఏడాది ఆగండి

రాయలసీమలో బోరు వేయించేముందు నీళ్లు చూపించుకోనివారు ఉండరు. గాలిమర విషయంలో మాత్రం చూడకుండానే దిగుతారు. కారణం చెప్పనా? కళ్లెదుట పెద్ద గాలిమరలు తిరుగుతుంటాయి. శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి కొండలమీద 1990ల నుంచీ గాలిమరలున్నాయి. అనంతపురం, కర్నూలు, కడప వైపు రోడ్డెక్కితే ఎటు చూసినా తెల్లటి రెక్కలే. "అంత పెద్దవే తిరుగుతుంటే మన చిన్నది తిరగదా?" అంటారు. అవి ఉన్నది కొండ నెత్తిన. కొత్తవైతే వంద మీటర్లు దాటిన స్తంభాలమీద. ప్రభుత్వ పవన పటాల్లో మీ మండలం ముదురు రంగులో కనిపించినా పొంగిపోవద్దు. ఆ రంగులు 120 మీటర్లు, 150 మీటర్ల ఎత్తులో వీచే గాలికి వేసినవి. మీ స్తంభం 18 మీటర్లు.

కాబట్టి మొదటి ఏడాది యంత్రానికి పైసా ఖర్చు పెట్టొద్దు. చిన్న గిన్నెలు తిరిగే గాలి కొలత పరికరం, రీడింగులు దాచుకునే రకం, ఒకటి కొని, యంత్రాన్ని పెట్టాలనుకున్న చోట, పెట్టాలనుకున్న ఎత్తులో కట్టండి. జూన్ నుంచి మళ్లీ మే దాకా ఉంచండి. ఆషాఢంలో పడమటి గాలి చూసి నిర్ణయం తీసుకుంటే మోసపోతారు. అక్టోబరు, నవంబరుల్లో అదే చేలో ఆకు కదలని రోజులుంటాయి. ఫోనులాంటి చేతి మీటరు పట్టుకుని మిట్టమధ్యాహ్నం మేడమీద నిలబడి చూసిన అంకె ఎందుకూ పనికిరాదు.

పరికరం కట్టడానికి చోటు ఎంచుకునేటప్పుడు ఊళ్లో పెద్దవాళ్లను ఒక మాట అడగండి: పూర్వం కళ్లం ఎక్కడుండేది? తూర్పారబట్టడానికి గాలి కావాలి. గాలికి అడ్డులేని మిట్ట చూసుకునే మన పెద్దలు కళ్లం చేసుకున్నారు. ఒక తోటలో నేనిలా అడిగితే యజమాని తండ్రి అరుగు దిగి వచ్చి చేయెత్తి చూపించాడు.

"యాడ అంటే, అదో ఆ మిట్ట మింద నాయనా. చాట ఎత్తితే సాలు, పొట్టంతా తూర్పుకు పొయ్యేది."

"మరి ఇల్లు అక్కడ ఎందుకు కట్టలేదు పెద్దాయనా?"

"ఆ గాలికి యాడ కాపురం చేస్తాం? అందుకే ఇల్లు ఈ పల్లంలో కట్నాం."

గాలిమరకు చోటు ఎంచే పద్ధతి ఆ రెండు మాటల్లో ఉంది. ఇల్లు గాలికి చాటున కడతాం. గాలిమరను ఇంటి దగ్గరే పెట్టుకోవాలనుకుంటాం. ఈ రెండూ కలవవు. మిట్ట ఇంటికి నూట యాభై మీటర్ల దూరమైనా సరే, కేబుల్ ఖర్చు భరించి అక్కడే పెట్టండి.

ఏడాది తర్వాత చూస్తే సగటు 4 మీటర్లకు లోపే ఉందనుకోండి. గాలిమర మాట మరిచిపోయి, ఆ డబ్బంతా పలకలకూ బ్యాటరీలకూ పెట్టండి. ఇలా వెనక్కి తగ్గిన ఇళ్లు నాకు తెలుసు. వాళ్ల ఇళ్లల్లో లైట్లు బాగానే వెలుగుతున్నాయి.

యంత్రం కంటే స్తంభానికి ఎక్కువ

నా సలహాల్లో ఎక్కువమంది కొట్టిపారేసేదీ, నేను ఎక్కువ పట్టుబట్టేదీ ఇదే. రెక్కల కింది కొస, 150 మీటర్ల చుట్టూ ఉన్న ప్రతి చెట్టుకంటే, ప్రతి కట్టడంకంటే కనీసం 9 మీటర్లు పైన ఉండాలి. ఇది ప్రపంచమంతటా చిన్న గాలిమరలు పెట్టేవారు పాటించే సూత్రం. వంద మీటర్ల దూరంలో 12 మీటర్ల చింతచెట్టు ఉంటే, రెక్కల కొస 21 మీటర్ల దగ్గరుండాలి. వేరుశనగ చేను గాలికి అడ్డు రాదు. మామిడితోట వస్తుంది. జామాయిల్ తోట ఇంకా వస్తుంది, పైగా ఏటేటా పెరుగుతుంది. పక్క చేను రైతు వచ్చే ఏడాది ఏం నాటబోతున్నాడో ముందే కనుక్కోండి.

చెట్టు గానీ గోడ గానీ గాలిని ఆపడంతో సరిపెట్టదు, చిందరవందర చేస్తుంది. ఆ గందరగోళం అడ్డు ఎత్తుకు రెట్టింపు పైదాకా, గాలి వెళ్లే వైపు ఇరవై రెట్ల దూరందాకా ఉంటుంది. అందులో చిక్కిన రెక్కలు అటూ ఇటూ తిరుగుతూ ఊగిసలాడతాయి, కరెంటు రాదు, బేరింగులు మాత్రం అరుగుతాయి. తోక అస్తమానం దిక్కు వెతుక్కుంటూ కనిపిస్తే, అది గాలి ఎక్కువై కాదని గుర్తుపెట్టుకోండి.

ఎత్తు లాభమెంతో లెక్కలో చూడండి. చెట్లూ పొదలూ ఉన్న పల్లెటూరి నేలమీద 6 మీటర్ల ఎత్తునుంచి 24 మీటర్లకు వెళ్తే గాలి వేగం ఇంచుమించు నలభై శాతం పెరుగుతుంది. వేగాన్ని మూడుసార్లు గుణించాలి కదా, శక్తి రెండున్నర రెట్లు దాటిపోతుంది. అదే యంత్రం, అవే రెక్కలు. ఇనుప గొట్టానికి పెట్టిన డబ్బు మరో రెండు యంత్రాలు తెచ్చినట్టయింది. మలావీలో కరువు కాలంలో బడి మానేసిన విలియం కామ్‌క్వాంబా సైకిల్ డైనమోతో, ట్రాక్టరు ఫ్యాన్‌తో, పాత ఇనుముతో చేసిన గాలిమర ప్రపంచానికంతా తెలిసిందే. అతను మొదట కట్టిన కర్ర స్తంభం 5 మీటర్లది. తర్వాత చెట్ల పైగాలి అందుకోవడానికి దాన్ని 12 మీటర్లకు పెంచాడు. పైసా లేని కుర్రవాడు ముందు పెంచింది స్తంభాన్నే.

ఇక డాబా. బ్రిటన్‌లో ఇళ్లమీదా భవనాలమీదా పెట్టిన 26 చిన్న గాలిమరలను ఏడాదిపాటు కొలిచి, 2009లో వార్విక్ పరీక్షల నివేదిక విడుదల చేశారు. ఆగిపోయిన రోజులు కూడా కలుపుకుంటే ఒక్కో యంత్రం రోజుకు సగటున ఇచ్చింది 214 వాట్-గంటలు. యూనిట్‌లో పావు వంతు కూడా లేదు. గాలికి పేరుబడ్డ దేశంలో వచ్చిన అంకె ఇది. డాబా మీద పెడితే గాలి చెదిరిపోవడం ఒకటి, యంత్రం అదురు స్లాబులోకి దిగి రాత్రంతా గది మోగుతుండడం రెండోది. ఇంట్లో పసిపిల్లలుంటే ఈ రెండోదే ముందు భరించలేరు.

స్తంభం పడుకోబెట్టేలా ఉండాలి. ఎక్కి బాగుచేసే స్తంభం వద్దు. పొలంలో ఇరవై మీటర్ల ఎత్తున, తాడు కట్టుకుని, చేత్తో రెంచీ పట్టుకునే పనిలో ఏ ఇంటి మనిషీ దిగకూడదు. అడుగున మడత బందు ఉన్న గొట్టం స్తంభం, దానికి లంబంగా బిగించిన మరో గడ, నాలుగు దిక్కులా స్టే తీగలు, చేత్తో తిప్పే వించి. వీటితో ఇద్దరు మనుషులు దాన్ని దించి, మళ్లీ లేపగలరు. స్టే తీగల పునాదులు స్తంభం ఎత్తులో కనీసం సగం దూరంలో ఉండాలి. ఇక్కడ ఒక సూక్ష్మముంది. మడత బందుకు రెండు పక్కలా ఉండే పునాదులు బందుతో ఒకే వరసలో, ఒకే మట్టంలో ఉండాలి. ఒకటి జానెడు పల్లంలో ఉన్నా, స్తంభం లేచేకొద్దీ ఒక పక్క తీగ బిగుసుకుని రెండో పక్కది జారుతుంది. సగం లేచాక స్తంభం వంకర తిరుగుతుంటే అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు. మట్టం గొట్టం పట్టుకుని పునాదులు తవ్వేరోజే చూసుకోవాలి. కాంక్రీటు పోశాక 28 రోజులు ఆగాలి. తెల్లవారుజామున గాలి లేనప్పుడే లేపాలి, స్తంభం పడగలిగినంత మేర మనిషిగానీ పశువుగానీ ఉండకూడదు. ట్రాక్టరుతో లాగించేస్తామంటే ఒప్పుకోవద్దు. క్లచ్ ఒక్కసారి కుదిపితే తీగ తెగుతుంది.

ముందు సోలార్ పలకలు

గాలిమర అంటే ఇంత ఇష్టమున్న నేను పలకలు కొనమంటే ఆశ్చర్యపోతారు. మన దగ్గర ఒక కిలోవాట్ పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లిస్తాయి. కదిలే భాగం లేదు, గ్రీజు లేదు, తుడవడం తప్ప పని లేదు. అంత కరెంటు గాలినుంచి రావాలంటే మంచి చోట మూడు మీటర్ల యంత్రం, ఇరవై మీటర్ల స్తంభం కావాలి. కాబట్టి ఇంటి కరెంటుకు ఆధారం పలకలే కావాలి.

మరి గాలిమర దేనికి? పలకలు నీరసించే రోజులకు. జూన్ నుంచి ఆగస్టు దాకా రాయలసీమలో వానపడని మబ్బు రోజులెన్నో. పలకల కరెంటు పడిపోతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే నైరుతి గాలి పగలూ రాత్రీ ఉరుకుతుంది. బ్యాటరీ రాత్రంతా నిండుతూ ఉంటుంది. ఈ జోడీ వల్ల బ్యాటరీ చిన్నది సరిపోతుంది, దాని ఆయుష్షూ పెరుగుతుంది, ఎందుకంటే అది అడుగంటే రోజులు తగ్గుతాయి. గాలిమర ఒక్కదానిమీదే ఆధారపడ్డ ఇల్లు అక్టోబరులో చీకట్లో కూర్చుంటుంది. పలకలమీదే ఆధారపడ్డది ఆషాఢంలో ఆదివారం టీవీ కట్టేసుకుంటుంది. నేను గాలిమరను ప్రేమించేది ఈ లోటు పూడ్చే గుణానికే.

స్కాట్లండ్ వాయవ్య తీరంలో స్కోరెయిగ్ అనే చిన్న పల్లె ఉంది. రోడ్డు లేదు, కరెంటు లైను లేదు, పడవమీదో కాలినడకనో వెళ్లాలి. అక్కడ స్థిరపడిన హ్యూ పిగట్ 1970ల నుంచి పాత సామానుతో మొదలుపెట్టి ఇళ్లకు గాలిమరలు చేసిచ్చాడు. చేసే పద్ధతిని పుస్తకంగా రాస్తే ఎన్నో దేశాల్లో దాన్ని చూసి చేసుకున్నారు. సముద్రం ఒడ్డున అంత గాలున్న ఆ పల్లెలోనూ ఇప్పుడు పలకలు చేరాయి. వేసవిలో గాలి తగ్గితే పలకలు, చలికాలం సూర్యుడు కనిపించకపోతే గాలి. మనకు నెలలు తారుమారు, అంతే.

ఇంకో మాట ఇక్కడే చెప్పేస్తాను: పలకలకంటే కూడా ముందు ఫ్యాన్లు మార్చండి. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30. రెండు ఫ్యాన్లు రోజుకు పది గంటలు తిరిగితే మిగిలేది 0.9 యూనిట్. అంటే మంచి చోట పెట్టిన రెండు మీటర్ల గాలిమర రోజంతా కష్టపడి తెచ్చేదాంట్లో దాదాపు సగం. బోరు మోటారు మాట ఎత్తొద్దు. 5 హెచ్‌పీ అంటే 3.7 కిలోవాట్లు. అది ఈ యంత్రం మీద నడవదు, దానికి వేరే ఏర్పాటు చూసుకోవాలి.

తక్కువ రెక్కలు, ఎక్కువ బరువు

రెక్కలు ఎక్కువుంటే గాలి ఎక్కువ పడుతుందని చాలామంది నమ్మకం. 1888లో అమెరికాలోని క్లీవ్‌లండ్‌లో చార్లెస్ బ్రష్ తన ఇంటి పెరట్లో 17 మీటర్ల వ్యాసంతో 144 రెక్కల గాలిమర కట్టాడు. బ్యాటరీలు నింపి ఇంటికి కరెంటు వాడుకున్నాడు. దాని సామర్థ్యం 12 కిలోవాట్లు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే డెన్మార్క్‌లో అస్కోవ్ అనే ఊళ్లో బడిపంతులు పౌల్ లా కూర్ ప్రయోగాలు చేసి, కరెంటు తీయడానికి కొద్ది రెక్కలతో వేగంగా తిరిగేదే మేలని తేల్చాడు. 1980ల మొదట్లో అదే దేశంలో వచ్చిన మూడు రెక్కల యంత్రాలు 15 మీటర్ల వ్యాసంతోనే 55 కిలోవాట్లవి. నీళ్లు తోడే పాత గాలిమరలకు ఎక్కువ రెక్కలుండేది ఆగి ఉన్నచోటు నుంచే బరువు లాగి కదలాలి గనక. కరెంటుకు మూడు చాలు. నిలువు ఇరుసు మీద గుడ్డులా, మెలికలా తిరిగే అందమైన రకాల జోలికి వెళ్లొద్దు. వైశాల్యం లెక్కన అవి తక్కువిస్తాయి, వాటిని డాబాల మీదకే అమ్ముతారు.

వేగం విషయంలో మాత్రం హద్దుంది. ఒకే వ్యాసమున్న రెండు యంత్రాల్లో బరువైనది కొనండి, నెమ్మదిగా తిరిగేది కొనండి. తేలికైనవి చవక, కానీ నిమిషానికి ఎక్కువ చుట్లు తిరిగితేగాని కరెంటివ్వవు. మోత, అరుగుదల రెండూ ఎక్కువ. కరెంటు లైన్లు రాకముందు అమెరికా పొలాల్లో పేరుపొందిన జేకబ్స్ గాలిమరలు బరువైన జనరేటర్‌ను పళ్లచక్రాలు లేకుండా నేరుగా రెక్కలతో తిప్పేవి. 1933లో అంటార్కిటికా యాత్రకు అడ్మిరల్ బర్డ్ తీసుకెళ్లింది వాటినే.

ఖాళీగా తిరగనివ్వొద్దు

బ్యాటరీ నిండిపోయిందని తీగ పీకేయడం ఇంట్లో ఎవరైనా చేసే పని. పలకలకైతే పరవాలేదు. గాలిమరకు అదే ప్రాణాంతకం. కరెంటు లాగే బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ బరువు తీసేస్తే గాలికి అదుపు తప్పి తిరిగి రెక్కలు విరిగిపోతాయి. అందుకే పలకల చార్జ్ కంట్రోలర్‌ను గాలిమరకు తగిలించకూడదు. గాలిమర కంట్రోలర్ వేరు. బ్యాటరీ నిండాక మిగులు కరెంటును హీటర్ చుట్టలోకి పంపి, యంత్రానికి బరువు తప్పకుండా చూస్తుంది. ఆ చుట్టను వరిగడ్డికీ చెక్కకూ దూరంగా, గాలి ఆడేచోట గోడకు బిగించండి.

ఆపాలంటే దారి ఇంకా తలకిందులుగా ఉంటుంది. జనరేటర్ నుంచి వచ్చే మూడు తీగలనూ కలిపేయాలి. మామూలుగా తీగలు కలిస్తే ప్రమాదం కదా, ఇక్కడ కలిపితే రెక్కలు బ్రేకు పడ్డట్టు నెమ్మదిస్తాయి. దానికోసం ఇంట్లో అందరికీ అందే ఎత్తులో ఒక స్విచ్చి పెట్టించండి, ఆడవాళ్లకూ పిల్లలకూ వాడడం నేర్పండి. ఈదురుగాలి మొదలయ్యాక, రెక్కలు కనిపించనంత వేగంలో ఉన్నప్పుడు వేస్తే జనరేటర్ చుట్టలు కాలిపోవచ్చు. ఆకాశం నల్లబడుతున్నప్పుడే వేయాలి. ఆలస్యమైతే రెండు ఊపుల మధ్య గాలి తగ్గే క్షణం చూసి వేయాలి.

బ్యాటరీలకు 12 వోల్టుల ఏర్పాటు వద్దు, 48 తీసుకోండి. 500 వాట్లు 12 వోల్టుల్లో వస్తే తీగలో 42 ఆంపియర్లు పారతాయి, 48లో పదిన్నర. అదే తీగలో పోయే నష్టం పదహారో వంతుకు తగ్గుతుంది. మిట్టమీద పెట్టమన్నాను కదా, ఆ దూరం గిట్టుబాటయ్యేది ఇలాగే. పిడుగుల సంగతీ అంతే ముఖ్యం. స్తంభాన్నీ ప్రతి స్టే తీగనీ ఎర్త్ రాడ్లకు కలిపి, ఆ రాడ్లన్నిటినీ ఒకదానితో ఒకటి కలపండి. ఇంట్లోకి తీగ వచ్చేచోట సర్జ్ అరెస్టర్ పెట్టించండి. మన వైపు ఏప్రిల్, మే నెలల ఉరుముల వానలో మిట్టమీద అందరికంటే ఎత్తున నిలబడేది మీ స్తంభమే.

బాగా నడుస్తున్నప్పుడే దించండి

ఏ చప్పుడూ లేదు, కరెంటు వస్తోంది, దించడం దేనికి అంటారు. చప్పుడు వచ్చేనాటికి దించితే బేరింగుతో పాటు ఇరుసూ పోయి ఉంటుంది. గాలి తగ్గిన అక్టోబరులో ఒకసారి, ఆషాఢ గాలికి ముందు మేలో ఒకసారి, ఏమీ చెడకపోయినా దించి చూడాలి.

రామగిరి కొండల దిగువన ఒక తోటలో ఇలా దించినప్పుడు నేను దగ్గరుండి చూశాను. స్తంభాన్ని రెండు చెక్క దిమ్మెలమీద ఆనించారు. రెక్క మొదట్లో రంగు కొత్తదిలాగే మెరుస్తోంది. వేలు కొసవైపు జరిపేకొద్దీ నునుపు పోయింది. ముందంచు చివరి జానెడు మేర రంగు ఊడి, పీచు పైకి లేచి, వేలికి గుచ్చుకుంది. గాలి సెకనుకు 8 మీటర్లుంటే రెక్క కొస దానికి ఆరు రెట్లు, గంటకు 170 కిలోమీటర్ల పైన పోతుంటుంది. ఎర్రమట్టి దుమ్ము ఆ వేగంలో తగిలితే రంగు నిలవదు. యజమాని ఆ అంచును సన్నటి కాగితంతో రుద్ది, తుడిచి, దళసరి పారదర్శక టేపు ముడత లేకుండా అతికించాడు. మూడు రెక్కలకూ ఒకే పొడవు కత్తిరించి అతికించాడు, బరువు తేడా రాకూడదని. తర్వాత బోల్టులు. పోయినసారి బిగించినప్పుడు బోల్టు తలమీదుగా లోహం మీదకు ఎర్ర రంగుతో ఒక గీత గీసి పెట్టుకున్నాడు. పన్నెండింటిలో రెండు గీతలు పక్కకు జరిగి ఉన్నాయి. నట్టు వదులైందని చెప్పడానికి పానా కూడా అక్కర్లేదు.

ఆ రంగు గీత మీరూ గీసుకోండి. బేరింగును చేత్తో తిప్పి చూడండి, గరుకు తగిలితే గ్రీజు పెట్టి సరిపుచ్చకుండా మార్చేయండి. స్టే తీగల క్లిప్పులు, టర్న్‌బకిల్ లాక్ తీగలు, స్తంభంలోపల వేలాడే కేబుల్ మెలికపడిందేమో చూడండి. తోక మడతపడే కీలుకు చుక్క నూనె వేయండి. గాలి హద్దు మీరినప్పుడు చక్రాన్ని పక్కకు తిప్పి కాపాడేది ఆ కీలే. అది తుప్పుతో పట్టేస్తే, మొదటి పెద్దగాలికి యంత్రం పోతుంది.

యంత్రం కొన్నరోజే ఒక జత బేరింగులూ మూడు రెక్కల సెట్టూ అదనంగా కొని అటకమీద పెట్టుకోండి. చిన్న కంపెనీలు ఎన్నాళ్లుంటాయో చెప్పలేం, ఆ కొలత రెక్కలు తర్వాత దొరక్కపోవచ్చు. ఒక్క రెక్క విరిగితే ఒక్కటే మార్చి లేపమని పక్కవాళ్లు చెప్తారు, వినొద్దు. రెక్కల్ని ఫ్యాక్టరీలో మూడింటినీ కలిపి తూకం సరిచేసి పంపిస్తారు. ఒక్కటి విరిగినా మూడూ మార్చండి.